మెదడు అనాటమీ, ఓపెన్ సైన్స్: ఏ కోర్సు ముందు?

అందరికీ నమస్తే. ఇంజనీరింగ్ చదివి వచ్చి ఇక్కడ, విదేశంలో, మెదడు ఎమ్మారై డేటా మీద పీహెచ్‌డీలో చేరాను. వచ్చి నెల కాలేదు. అనాటమీ ఎన్నడూ చదవలేదు. మెదడు అనాటమీతోనా, ఓపెన్ సైన్స్‌తోనా (డేటా, కోడ్, పద్ధతి ఇతరులూ చూసి మళ్లీ చేయగలిగేలా తెరిచి ఉంచడం), ఏ కోర్సుతో మొదలుపెట్టమంటారు?

> జవాబు 1

చెల్లెమ్మా, ముందు అనాటమీయే. కోడింగ్ వచ్చు కదా అని మనవాళ్లు నేరుగా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరిపోతారు. నేనూ అదే చేశాను. ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ మెదడు స్కాన్ తీసుకుని, ఒక అట్లాస్ (మెదడు పటం) ప్రకారం ఒక్కో అర్ధగోళం పైపొరను 34 ప్రాంతాలుగా రంగులేసి ఇస్తే, ఆ గీతలు మెదడులోనే ఉన్నాయనుకున్నాను. అవి ఆ అట్లాస్ చేసినవాళ్లు తీసుకున్న నిర్ణయాలు. మెదడు లోపలివైపు ఉండే సింగ్యులేట్ గాడికి (గాడి అంటే మెదడు మడతల మధ్య లోయ) పైన కొందరిలో ఇంకో గాడి సమాంతరంగా పోతుంది, కొందరిలో అసలుండదు. అది తెలియక, ఆ తేడా జబ్బు వల్ల వచ్చిందని డ్రాఫ్టులో రాసేశాను. అనాటమీ తెలిసిన ఒక పెద్దావిడ చూసి ఆపారు కాబట్టి సరిపోయింది.

అసలు మెదడును చేతికిచ్చి చూపించే క్లాసు మీ మెడికల్ కాలేజీలో ఉందేమో కనుక్కో. వేరే డిపార్ట్‌మెంటని మొహమాటపడకు, గైడ్ చేత ఒక మెయిల్ రాయించు. దొరక్కపోతే బిగ్‌బ్రెయిన్ అనే 3డీ మెదడు నమూనా చూడు. ఒకే మెదడును 7404 పలుచని పొరలుగా కోసి, 20 మైక్రోమీటర్ల వివరంతో 3డీలో కట్టి 2013లో అందరికీ ఇచ్చారు. ఈబ్రెయిన్స్ అనే వెబ్‌సైట్‌లో యూలిష్ అట్లాస్ కూడా ఉచితమే. 1909లో బ్రాడ్‌మన్ అనే శాస్త్రవేత్త నంబర్లు వేసిన మెదడు ప్రాంతాల హద్దులు మనిషికీ మనిషికీ ఎంత జరుగుతాయో దాంట్లో తెలుస్తుంది.

రోజుకో స్కాన్ తెరిచి సెంట్రల్ గాడిని (మెదడు ముందుభాగాన్ని వెనకభాగం నుంచి విడదీసే పెద్ద గాడి) కంటితోనే పట్టుకో. చేతి కదలికలు నడిపే చోట, అడ్డకోతలో, అది ఒమేగా అక్షరంలా వంగుతుంది.

> జవాబు 2

అక్క చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఓపెన్ సైన్స్‌ని పేపర్ పంపే నాటికి వాయిదా వేయకండి. ఒకే ఎఫ్ఎమ్మారై (మెదడు పనిచేస్తుండగా తీసే ఎమ్మారై) డేటాను 70 బృందాలకిచ్చి 9 ప్రతిపాదనలు పరీక్షించమంటే, ఏ రెండు బృందాలూ ఒకే దారిన పోలేదు, చాలా ఫలితాలు కలవలేదు. 2020లో నేచర్‌లో వచ్చింది, తప్పక చదవండి. ఏ అట్లాస్, ఏ వెర్షన్ వాడారో రాసి పెట్టకపోతే ఆరు నెలలకు మీ పని మీకే అర్థం కాదు. ఫైళ్లు మొదటిరోజు నుంచే బిడ్స్ పద్ధతిలో (స్కాన్ ఫైళ్లకు పేర్లు, ఫోల్డర్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) పెట్టండి, కోడ్‌లో మార్పులు గుర్తుపెట్టే గిట్, డేటాకు అదే పని చేసే డేటాలాడ్ నేర్చుకోండి.

వీటికి అమెరికాలో సియాటెల్‌లో వేసవిలో జరిగే న్యూరోహ్యాకాడెమీ అనే కోర్సు మంచిది. మెదడు పనితీరును లెక్కలతో మోడలింగ్ చేయడం కావాలంటే న్యూరోమ్యాచ్ అకాడమీ ఆన్‌లైన్‌లోనే ఉంది. వేరే దేశంలో కోర్సుకు అప్లై చేసేముందు, తిరిగి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో చూసుకోండి.

ఇంకోటి. ల్యాబ్ స్కాన్లు కోర్సుకు పట్టుకెళ్లకండి. అవి మనల్ని నమ్మి మనుషులు ఇచ్చినవి. సాధనకు ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచిన డేటా కావలసినంత ఉంది.

> జవాబు 3

ఇద్దరికీ ధన్యవాదాలు. మెడికల్ కాలేజీకి రేపే రాయిస్తాను. అక్కా, సెంట్రల్ గాడి సరిగ్గా పట్టానో లేదో స్క్రీన్‌షాట్ పెడితే చూస్తారా?

> జవాబు 4

తప్పకుండా చూస్తాను. ఓపెన్‌న్యూరో స్కాన్‌దే పెట్టు, ఆ డేటాసెట్ నంబరు కూడా రాయి. నేనూ తెరిచి పక్కన పెట్టుకుని చూస్తాను.