అప్‌డేట్: సిరాకూసా నుండి రగూసాకు చివరికి ఎంచుకున్న దారి

ఇటలీలోని సిసిలీ ద్వీపపు ఆగ్నేయ మూలన సిరాకూసా నుండి రగూసా వరకు సైకిల్‌పై వెళ్లడానికి తీరం మేలా, లోపలి కొండదారి మేలా అని లోగడ అడిగాను. మార్జమేమి అనే తీర గ్రామం దాకా తీరం వెంట సాగి, అక్కడి నుండి ఇస్పికా, మోదికా పట్టణాల మీదుగా కొండెక్కమని కొందరిచ్చిన సలహానే పాటించాను. ఆ దారే సరైనదని నిస్సందేహంగా చెప్పగలను.

1693 నాటి భూకంపంలో పాత ఊరు నేలమట్టమయ్యాక కొత్త చోట కట్టిన నోటో పట్టణాన్ని సాయంత్రమే చూడాలి, ఎందుకంటే అక్కడి సున్నపురాయి గోడలు ఏటవాలు ఎండలో తేనెరంగుకు తిరుగుతాయి. అయినా నా మనసు నిలిచిపోయింది వెండికారి అభయారణ్యంలోనే. సైకిల్‌ను బయటే తాళం వేసి లోపలికి నడిచి వెళితే, ఒకవైపు ఉప్పుమడుగుల్లో తలలు ముంచి మేత వెతుక్కునే ఫ్లెమింగోలు, మరోవైపు కప్పు లేకుండా స్తంభాలు మాత్రమే మిగిలిన పాత ట్యూనా చేపల కర్మాగారం కనిపించాయి.

ఇస్పికా దాటాక సున్నం వాడకుండా పేర్చిన రాతిగోడల నడుమ, చింతకాయల్లాంటి కాయలు వేలాడే క్యారబ్ చెట్ల పక్కగా దారి సాగుతుంది. మోదికా లోయలో ఉంది కనుక అక్కడి నుండి రగూసాకు ఎక్కుడు తప్పదు. బరువైన సంచులున్నవారు ఆ కొంత దూరం ప్రాంతీయ రైలులో వెళ్లడం మంచిది. మధ్యాహ్నం పల్లెల్లో దుకాణాలు మూసేస్తారు కాబట్టి నీళ్లు ఉదయమే నింపుకోవాలి.