అప్‌డేట్: ట్రాన్స్‌ఫార్మర్ ఇక తిరగబడి కూర్చోదు

రాయగడలో చార్జర్ బోర్డులు కడుతున్నామని, ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు కుర్రాళ్లు తారుమారు చేసేస్తున్నారని అడిగాను కదా. మీలో కొందరు చెప్పినట్టే పిన్నుల బాబిన్‌కి (తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రం, బోర్డు చిల్లుల్లో దిగే పిన్నులతో) మారాం. 230 వోల్టుల ప్రైమరీ (కరెంటు లోపలికొచ్చే చుట్ట) బాబిన్‌లో ఒక గదిలో, సెకండరీ (బయటికిచ్చే చుట్ట) ఇంకో గదిలో, మధ్యలో ప్లాస్టిక్ గోడ. మూల పిన్ను ఒకటి పీకేసి, బోర్డులో ఆ చిల్లు వేయించలేదు. తిప్పి పెడితే దిగనే దిగదు!

టంకం వేసే ముందు తీగ మీది ఎనామిల్ పూత గీకే గోల కూడా పోయింది. పాలీయురేథేన్ పూత తీగకైతే పూత పోడానికి సోల్డర్ (టంకం) వేడి చాలు. పొగ మాత్రం ఘాటు, ఫ్యాన్ పెట్టుకోండి.

గుణుపూర్ వైపు కొండదారి కుదుపులకి టంకం పగిలే టెన్షన్ మాత్రం పిన్నులతో తీరలేదు. ట్రాన్స్‌ఫార్మర్ బరువంతా వాటి మీదే పడుతోంది మరి. దాని ఫ్రేముని స్క్రూలతో బోర్డుకి బిగించాక కుదిరింది. బాబిన్ ఖరీదు చూసి మామయ్య ఇంకా సణుగుతూనే ఉన్నారు.