ఫెల్ట్ బొమ్మకి పూసలు: దూది నింపకముందా, నింపాకా?

రంగులదారం: 25 సెం.మీ. బొమ్మ, ఉన్ని ఫెల్ట్ (నేయకుండా పీచుని అదిమి చేసిన మందపాటి గుడ్డ). గౌను మీద మూడు పొరల పువ్వులు, బుగ్గల మీద 11/0 సైజు (సుమారు 2 మి.మీ.) సన్న పూసల వంపులు. పూసలు ఎప్పుడు కుట్టాలి?

పూసలపెట్టె: ముందే, అనుమానం లేదు. నాలుగు పూసలు ఎక్కించి సూదిని కిందికి దించండి. రెండు పూసలు వెనక్కి వెళ్లి పైకి తీసి, చివరి రెండింటిలోంచి మళ్లీ పోనివ్వండి. పది పన్నెండు పూసలకోసారి వెనకవైపు ముడి వేస్తే, ఒకచోట దారం తెగినా వరసంతా రాలదు. దూది నింపాక ఆ ముడి ఎక్కడ వేస్తారు? అంచుకి 5 మి.మీ. మాత్రం ఖాళీ వదలండి, లేకపోతే కాజా కుట్టుకి చోటుండదు.

సూదిమొన: గౌనుకి సరే, ముఖానికి కాదండీ. దూది గట్టిగా కూరితే ఫెల్ట్ సాగుతుంది. బల్లపరుపుగా ఉన్నప్పుడు ఒకదానికొకటి ఆనుకున్న పూసలు బుగ్గ ఉబ్బగానే విడిపోయి, మధ్యలో దారం కనిపిస్తుంది. దారం బిగిగా లాగి ఉంటే ఇంకా అన్యాయం, అక్కడ బుగ్గ నొక్కుకుపోతుంది. నింపాక కుట్టేటప్పుడు ముడిని జుట్టు కిందో, మెడ కుట్టులోనో దాచొచ్చు. చివర దారాన్ని ఒంట్లోంచి దూరంగా తీసి కత్తిరిస్తే కొస లోపలికి పోతుంది.

పూసలపెట్టె: సాగకుండా ఆపొచ్చు కదా! బుగ్గ ముక్క వెనక ఇస్త్రీతో అంటుకునే సన్న క్యాన్వాస్ వేయండి. ఉన్ని ఫెల్ట్ ఆ వేడికి తట్టుకుంటుంది. ఆక్రిలిక్ అయితే కరుగుతుంది, దానికి ఈ పని వద్దు.

సూదిమొన: క్యాన్వాస్ వేస్తే బుగ్గ అసలు గుండ్రంగా ఉబ్బదు. ఆ మెత్తదనం కోసమే కదా ఫెల్ట్ తీసుకునేది!

మూడుపొరలు: పువ్వుల విషయంలో ఈ గొడవే అక్కర్లేదు. పై పొరని కింది పొర కంటే చుట్టూ 3 మి.మీ. తగ్గించి కత్తిరించండి. పై రెండు పొరల మీద పూసల పని విడిగా ముగించి, దాన్ని అడుగు పొర మీద పెట్టి అంచు కుట్టేస్తే ముడులన్నీ లోపలే దాగిపోతాయి. ఆ పువ్వుని బొమ్మకి ఎప్పుడైనా కుట్టుకోవచ్చు. పొరల మధ్య గమ్ మాత్రం వద్దు. ఎండితే గట్టిపడి సన్న పూసల సూది వంగిపోతుంది, పైకి ఊరితే మరక.

రంగులదారం: ఇదంతా మగ్గం వర్క్ చేసేవాళ్లకి ఇచ్చేస్తే?

పూసలపెట్టె: మగ్గం సూది వేసేది గొలుసు కుట్టు. కొస సరిగ్గా కట్టకపోతే లాగిన కొద్దీ వరసంతా ఊడి వస్తుంది. పైగా ఆ సూది కొక్కెం ఫెల్ట్ పీచుని పట్టి పైకి లాగుతుంది. చట్రానికి బిగించిన ఫెల్ట్ సాగి, విప్పాక ముడతలు పడుతుంది.

సూదిమొన: ఇందులో మాత్రం మీతోనే ఉన్నా. కట్‌దానా (చిన్న గొట్టాల్లా కోసిన పూసలు) వాడితే రెండు చివరలా ఒక్కో గుండ్రటి పూస వేయండి. కట్‌దానా అంచు కత్తిలా ఉంటుంది, నూలు దారాన్ని కోసేస్తుంది. నైలాన్ దారమైతే మేలు. బుగ్గలు మాత్రం నింపాకే, నా మాట అదే.