పలెర్మోలో సాంతా లూచియా పండుగ వంటలు: శాకాహారితో వెళ్లేవారికి సలహా కావాలి

నమస్కారం. వచ్చే డిసెంబరులో మా అమ్మగారితో కలిసి సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరంలో ఐదు రోజులు ఉండబోతున్నాను. అక్కడి సంప్రదాయ వంటలు తెలిసినవారి సలహా కోరుతున్నాను.

డిసెంబరు 13న, సాంతా లూచియా అనే క్రైస్తవ పునీతురాలి పండుగనాడు, ఆ నగరవాసులు రొట్టె, పాస్తా ముట్టరనీ, వాటికి బదులు ఉడికించిన గోధుమలను తీపి రికోట్టాతో (మెత్తటి తాజా జున్నుతో) కలిపిన కుచ్చియా, అన్నపు ఉండలను వేయించి చేసే అరాన్చీనాలు తింటారనీ చదివి, ప్రయాణాన్ని ఆ తేదీకే కుదుర్చుకున్నాము. ఆనాడు మాంసం లేని అరాన్చీనాలు ఏ పేటలో బాగుంటాయి?

అమ్మ శాకాహారి కావడంతో నా ఆశంతా పనెల్లె మీదే ఉంది. శనగపిండిని నీళ్లలో ఉడికించి, పలుచగా పరిచి, చల్లారాక కోసి, నూనెలో వేయించి, నువ్వులద్దిన రొట్టెలో పెట్టి ఇస్తారు. ఇంట్లో నేను చేసినప్పుడు మరిగే నీళ్లలో పిండి పోయడంతో గరిటె నిండా ఉండలే మిగిలాయి. చన్నీళ్లలోనే కలపాలని తర్వాత తెలిసింది. బల్లరో, కాపో సంతల్లో వీటిని చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారా? పంది కొవ్వులో దూడ ప్లీహం వేయించి పెట్టే రొట్టె తినడానికి మాత్రం నేనొక్కడినే వెళ్తాను.

వంకాయలను వెనిగర్, పంచదారతో మగ్గించే కపొనాటా అమ్మకు మన బెల్లం పులుసులా నచ్చుతుందనుకుంటున్నాను. "చేప, మాంసం, కొవ్వు వద్దు" అని ఇటాలియన్‌లో ఎలా చెప్పాలో తెలుగు లిపిలో రాసి ఇవ్వగలరా?