వైటూకే ఖర్చు దండగేనా?

రాయగడ వాసి:
ఏడాదిని రెండంకెల్లోనే రాసుకునే కంప్యూటర్లు 2000ని 1900 అనుకుని తప్పుచేస్తాయన్నదే వైటూకే భయం. తీరా 2000 జనవరి 1న ఏ కొంపా మునగలేదు. దాన్ని దిద్దడానికి ప్రపంచమంతా కలిపి 300 బిలియన్ డాలర్లు పైనే పోశారని అంచనాలున్నాయి. ఇటలీ, దక్షిణ కొరియా అంతగా ఖర్చుపెట్టలేదు, వాళ్లకీ ఏమీ కాలేదు. కన్సల్టెంట్లు గోరంతను కొండంత చేసి సొమ్ము చేసుకున్నారనే నేనంటాను.

బరంపురం పాతకాపు:
రాయగడ వాసి గారూ, 1999 అక్టోబరు 29 తుఫానుకి మన ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ముందే దాదాపు 10 లక్షల మందిని తరలించారు కాబట్టి ప్రాణనష్టం పదుల్లో ఆగింది. ఆ తరలింపు దండగని గంజాంలో ఎవరైనా అన్నారా?

అప్పట్లో నేను చూసిన ఒక బ్యాంకు ప్రోగ్రాంలో ఏడాదికి రెండంకెలే. 1998లో వేసి 2001లో తీరే డిపాజిట్‌కి గడువు ఎంత? 01లోంచి 98 తీస్తే మైనస్ 97. దాని మీద వడ్డీ కడితే ఏమొస్తుందో మీరే చూడండి. పోనీ మిషను ఆగిపోతుందా అంటే, ఆగదు. తప్పుడు అంకె శుభ్రంగా లెడ్జరులో అచ్చయిపోతుంది, జనం డబ్బు గల్లంతవుతుంది. అందుకే తేదీ తగిలే ప్రతి లైనూ వెతకాల్సి వచ్చింది. దానికితోడు 2000 ఫిబ్రవరి 29 గొడవ. నూటితో భాగమయ్యే ఏడాది లీపు కాదని రాసేసి, 400తో భాగమైతే లీపేనన్నది వదిలేసిన ప్రోగ్రాములూ ఉండేవి.

పర్లాకిమిడి మాస్టారు:
దండగ కాదు గానీ, చాలాచోట్ల సగం పనే చేశారు. నాలుగంకెలకి మార్చకుండా, రెండంకెల ఏడాది 30 లోపైతే ముందు 20, ఆపైనైతే 19 తగిలించారు. లెక్కల పట్టికలు వేసే ఎక్సెల్ 97 ప్రోగ్రాం పద్ధతీ అదే. 1928లో పుట్టిన పెన్షనరుకి 28 అని కొడితే 2028లో పుట్టినట్టు లెక్క!

రాయగడ వాసి:
ఇటలీ సంగతికి జవాబేదీ?

బరంపురం పాతకాపు:
వాళ్లు వాడిందీ అవే విండోస్, అవే ఒరాకిల్ డేటాబేస్ ప్రోగ్రాములు. దిద్దిన ఖర్చు తయారుచేసినవాళ్లు పెట్టుకున్నారు, ఫలితం అందరికీ అందింది. అంత దిద్దినా జపాన్ ఒనగావా అణుకేంద్రంలో అలారం మోగింది, అమెరికా గూఢచారి ఉపగ్రహాల సమాచారం కొన్నాళ్లు కుంటుపడింది. అసలు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే?

మాస్టారూ, పుట్టిన తేదీల విషయంలో మీ మాటే నిజం, అక్కడ నాలుగంకెలే పెట్టాల్సింది. ఇప్పుడు ముందున్నది 2038 జనవరి 19. తేదీని సెకన్లుగా 32 బిట్లలో, అంటే 32 సున్నా-ఒకట్ల గళ్లలో, లెక్కపెట్టే పాత సిస్టముల్లో ఆ రోజు లెక్క నిండిపోయి 1901కి తిరిగిపోతుంది. ఇవాళ ఇస్తున్న 20 ఏళ్ల ఇంటి రుణాల ఆఖరి వాయిదాలు ఆ తేదీ దాటుతున్నాయి. పరీక్షలు వాటితో మొదలుపెట్టాలి.