ఇంటి పచ్చళ్లకి కూడా బ్యాచ్ నంబర్ వెయ్యాలా?

గుంటూరు గోంగూర:
ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పెట్టి హైదరాబాద్ షాపులకి వేస్తున్నాం, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది. ఇప్పుడు ఒక షాపాయన సీసా మీద బ్యాచ్ నంబర్ లేకపోతే తీసుకోనంటున్నాడు, పైగా కారం ఎక్కడ కొన్నామో బిల్లు చూపించాలట. ఇది రూలా, ఆయన చాదస్తమా?

ల్యాబ్ రవి:
చాదస్తం కాదండీ. ప్యాక్ చేసిన సరుకు మీద బ్యాచ్ లేదా లాట్ నంబర్, అంటే ఒకేసారి తయారుచేసిన సరుకుని గుర్తుపట్టే నంబర్, ఉండాలని 2020 లేబులింగ్ నిబంధనల్లోనే ఉంది. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 28 ప్రకారం సరుకులో తేడా ఉందని తెలిస్తే మీరే అమ్మకం ఆపి, వెనక్కి తెప్పించి అధికారులకి చెప్పాలి. ఏ జాడీ పచ్చడి ఏ షాపుకి వెళ్లిందో రాసుకోకపోతే పాడైనది పది సీసాలే అయినా మొత్తం సరుకు తెప్పించుకోవాల్సిందే.

గుంటూరు గోంగూర:
బ్యాచ్ సరే, కారం అమ్మేవాడు బిల్లు ఇవ్వడే!

స్పైస్ ఎగుమతి:
ఇచ్చేవాడి దగ్గరే కొనండి. 2022 జనవరి నుంచి బిల్లు మీద వాళ్ల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ కూడా ఉండాలి. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన కారంలో సుడాన్ అనే, తిండిలో కలపకూడని రంగు దొరికితే ఆ సాస్ కలిసిన వందల రకాల సరుకులు షాపుల నుంచి తీసేశారు. ఐరోపాలోనూ అడిగేది ఇంతే, ఎవరి దగ్గర కొన్నావు, ఎవరికి అమ్మావు.

ల్యాబ్ రవి:
సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, నోటుబుక్ చాలు. పెట్టిన తేదీనే బ్యాచ్ నంబర్‌గా వేసెయ్యండి, పక్కన కారం, నూనె బిల్లుల నంబర్లు రాయండి.