హోమ్లీ, స్మార్ట్, పర్సనాలిటీ: మనుషుల గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే ఏ మాట వాడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. ఇంగ్లీషు క్లాసులో వచ్చే వారం పాఠం "సైన్స్ ఆఫ్ అట్రాక్షన్". మనిషికి మనిషి ఎందుకు నచ్చుతాడో చదివి, తెలిసినవాళ్ళ గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. నేను రాసుకున్నది ఇది:

"మై కజిన్ ఈజ్ వెరీ హోమ్లీ అండ్ సింపుల్. షీ హాజ్ గుడ్ పర్సనాలిటీ. షీ మూవ్స్ ఫ్రీలీ విత్ ఎవ్రీవన్. హర్ హస్బెండ్ ఈజ్ వెరీ స్మార్ట్. హీ ప్రపోజ్డ్ హర్ ఇన్ కాలేజ్."

తప్పులుంటే చెప్పండి. ముందుగా ఏ మాటలు నేర్చుకోవాలో కూడా చెప్పగలరు.

జవాబు

చెల్లీ, ఇందులో వ్యాకరణం తప్పులు తక్కువే. చిక్కంతా మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లీషు మాటలతోనే. తెలియని మాటైతే నిఘంటువు తీస్తాం. ఇవి తెలిసినవే అనుకుంటాం కాబట్టి అర్థం చూడం.

హోమ్లీ అంటే మనకి ఇంటిపట్టున ఉండే మంచి పిల్ల. అమెరికాలో ఆ మాట మనిషికి వాడితే "చూడ్డానికి అంతంతమాత్రం" అని అర్థం. బ్రిటన్‌లో ఎక్కువగా హాయిగా ఉండే ఇంటికో గదికో వాడతారు. మీరు చెప్పదలచుకున్నది "వార్మ్ అండ్ ఫ్యామిలీ ఓరియెంటెడ్".

"సింపుల్ పర్సన్" అంటే తెలివి తక్కువ మనిషి అన్నట్టు వినిపించే ప్రమాదముంది. ఆడంబరం లేని మనిషి "డౌన్ టు ఎర్త్". అలాగే అమాయకురాలు అనడానికి "ఇన్నొసెంట్" అంటాం. వాళ్ళకి ముందు తోచేది "నేరం చెయ్యని" అన్న అర్థం. "నైఈవ్" అంటే "లోకం తెలియదు" అన్న చిన్న విమర్శ. మెచ్చుకోలుగా చెప్పాలంటే "ట్రస్టింగ్" మేలు.

పర్సనాలిటీ అంటే మనవాళ్ళు ఎత్తు, ఒడ్డు చూస్తారు. ఇంగ్లీషులో అది స్వభావం మాత్రమే. శరీరం గురించైతే "వెల్ బిల్ట్" అనండి. స్వభావం గురించైతే "షీ హాజ్ ఎ వార్మ్ పర్సనాలిటీ". ముందు ఆ "ఎ" మర్చిపోకండి.

"మూవ్స్ ఫ్రీలీ" అంటే వాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయన్నట్టే ఉంటుంది. "షీ ఈజ్ ఈజీ టు గెట్ ఎలాంగ్ విత్" అనాలి.

స్మార్ట్ అంటే అమెరికాలో తెలివైన, బ్రిటన్‌లో చాలాసార్లు నీటుగా తయారైన. మనవాళ్ళు వాడే "అందగాడు" అన్న అర్థం రెండు చోట్లా లేదు. దానికి "గుడ్ లుకింగ్".

ఇక ప్రపోజ్. మన దగ్గర ప్రేమ సంగతి చెప్పడం. వాళ్ళకి "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అని అడగడం, అదీ "ప్రపోజ్డ్ టు హర్". కాలేజీలో మనసులో మాట చెప్పాడంతే అయితే "హీ టోల్డ్ హర్ హౌ హీ ఫెల్ట్". కలిసి బయటికి రమ్మని పిలిస్తే "హీ ఆస్క్‌డ్ హర్ అవుట్". ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను: "లవర్" అన్న మాట క్లాసులో వద్దు. ఇంగ్లీషులో అది శారీరక సంబంధాన్ని సూచిస్తుంది. "బాయ్‌ఫ్రెండ్", "పార్ట్‌నర్" చాలు.

మరో జవాబు

పాఠంలో వచ్చే శాస్త్రం మాటల గురించి నేను రాస్తాను. ఒక్కో మాటకీ వెనకున్న ప్రయోగం తెలిస్తే మాట మరిచిపోరు.

ప్రాక్సిమిటీ: దగ్గర్లో ఉండటం. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే పరిశోధకులు అమెరికాలోని ఎమ్మైటీ విశ్వవిద్యాలయంలో వెస్ట్‌గేట్ అనే విద్యార్థుల ఇళ్ళ మీద చేసిన పరిశీలన వచ్చింది. పక్క తలుపువాళ్ళని స్నేహితులుగా చెప్పినవాళ్ళు 41 శాతం. రెండు తలుపుల అవతలైతే 22, వరండా చివర్లోనైతే 10. ఇదే అర్థంలో "ప్రొపింక్విటీ" కూడా కనిపిస్తుంది. చదివినప్పుడు గుర్తుపడితే చాలు, మాట్లాడేటప్పుడు అక్కర్లేదు.

మియర్ ఎక్స్‌పోజర్: పదేపదే కనిపించినంత మాత్రానే నచ్చడం. జయాన్స్ అనే సైకాలజిస్టు 1968లో రాశారు. ఇక్కడ "మియర్" అంటే "కేవలం".

సిమిలారిటీ, రెసిప్రాసిటీ: అభిప్రాయాలు కలవడం, మనల్ని ఇష్టపడేవాళ్ళని మనమూ ఇష్టపడటం. రెండోదాని క్రియ "రెసిప్రొకేట్".

హేలో ఎఫెక్ట్: ఒక మంచి గుణం చూసి మిగతావన్నీ మంచివే అనుకోవడం. థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు 1920లో పెట్టిన పేరు. హలో కాదు, హే-లో. దేవతల తల వెనక వెలుగు చక్రాన్ని హేలో అంటారు.

మిస్‌ఆట్రిబ్యూషన్ ఆఫ్ అరౌజల్: గుండె వేగంగా కొట్టుకోవడానికి అసలు కారణం ఒకటైతే, ఇంకొకటి అనుకోవడం. దీని మీద కాస్త ఆగాలి. 1974లో డటన్, ఆరన్ అనే పరిశోధకులు కెనడాలోని కపిలానో వేలాడే వంతెన మీద ప్రయోగం చేశారు. వంతెన నదికి 230 అడుగుల ఎత్తున ఊగుతూ ఉంటుంది. దాని మీద ఒక యువతి మగవాళ్ళని ఆపి ప్రశ్నలడిగి, ఫోన్ నంబరు ఇచ్చింది. తక్కువ ఎత్తులో గట్టి వంతెన మీద ఆమెని కలిసినవాళ్ళ కంటే, ఊగే వంతెన మీద కలిసినవాళ్ళే ఎక్కువమంది తర్వాత ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెని ఆకర్షణ అనుకున్నారని వాళ్ళ వివరణ. సైకాలజీలో అరౌజల్ అంటే ఒళ్ళు అప్రమత్తం కావడం, గుండె వేగం పెరగడం. మామూలు మాటల్లో లైంగిక అర్థమే ముందు తడుతుంది. అందుకని విడిగా వాడకుండా "ఫిజికల్ అరౌజల్, లైక్ ఎ రేసింగ్ హార్ట్" అని పూర్తిగా చెప్పండి.

ఫెరమోన్ (ఒంటి నుంచి వెలువడి అదే జాతిలోని మిగతావాటి ప్రవర్తనని మార్చే రసాయనం) మాట వస్తే జాగ్రత్త. పురుగుల్లో, చాలా జంతువుల్లో ఇవి ఉన్నాయని తేలింది. మనుషుల్లో ఫలానా పదార్థమే ఫెరమోన్ అని ఇంతవరకు రుజువు కాలేదు. "హ్యూమన్స్ మే హావ్ ఫెరమోన్స్" అనండి. ఆ "మే" ఉంటేనే వాక్యం నిలబడుతుంది.

జవాబు

పై రెండూ బాగా చెప్పారు. నేను తోక మాటల (టు, ఆఫ్, విత్ లాంటి ప్రిపొజిషన్ల) సంగతి చెప్తాను, ఎందుకంటే మనం ఎక్కువగా జారేది అక్కడే. తెలుగులో విభక్తి పదానికి అతుక్కునే వస్తుంది. ఇంగ్లీషులో విడిగా నేర్చుకోవాలి. అట్రాక్టెడ్ టు. ఫాండ్ ఆఫ్ (ఇష్టం). ఎ క్రష్ ఆన్ (ఒకరి మీద మనసు పడటం). కంపాటిబుల్ విత్ (పొసగడం). జెలస్ ఆఫ్. కైండ్ టు. ఇన్ లవ్ విత్.

"ఐ యామ్ అట్రాక్టివ్ టు హిమ్" అంటే నేను అతనికి ఆకర్షణీయంగా కనిపిస్తున్నానని. "ఐ యామ్ అట్రాక్టెడ్ టు హిమ్" అంటే నా మనసే అటు లాగుతోందని. చివరి అక్షరాలు మారితే మనసు ఎవరిదో మారిపోతుంది. బోరింగ్, బోర్డ్ కూడా ఇంతే.

గుణాలకి వాసన కూడా చూసుకోవాలి. డబ్బు జాగ్రత్తగా వాడేవాడు థ్రిఫ్టీ, పిసినారి స్టింజీ. పట్టుదల ఉన్నవాడు డిటర్మిన్డ్, మొండివాడు స్టబర్న్. తెలుసుకోవాలనే ఆసక్తి క్యూరియస్, పక్కవాళ్ళ గొడవల్లో తలదూర్చేది నోజీ. లోపం చెప్పాల్సి వస్తే "హీ ఈజ్ ఇంపేషెంట్" అని మొహం మీద కొట్టినట్టు వద్దు. "హీ కెన్ బి ఎ బిట్ ఇంపేషెంట్" అంటే నిజమూ చెప్పినట్టే, మర్యాదా పోదు.

సెన్సిబుల్ అంటే వివేకం ఉన్న, సెన్సిటివ్ అంటే సున్నిత మనసున్న. సెంటిమెంట్ అంటే మనకి నమ్మకం, శకునం లాంటిది. వాళ్ళకి అది భావన. శకునాలు నమ్మేవాళ్ళు సూపర్‌స్టిషస్.

ఏ మాటలు ముందు నేర్చుకోవాలని అడిగారు. 1968లో నార్మన్ ఆండర్సన్ అనే సైకాలజిస్టు 555 గుణవాచకాలని 100 మంది కాలేజీ విద్యార్థులకి ఇచ్చి, ఎంత నచ్చుతాయో మార్కులు వేయించారు. అన్నిటికంటే పైన "సిన్సియర్" (చిత్తశుద్ధి ఉన్న), అట్టడుగున "లయర్" (అబద్ధాలకోరు). ఆనెస్ట్, లాయల్ కూడా పైనే ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి, వ్యతిరేకాలు కలిపి నేర్చుకోండి: ఇన్‌సిన్సియర్, డిసానెస్ట్, డిస్‌లాయల్. ముందు చేరే ముక్క ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఊహించి అంటే తప్పుతుంది.

రోజుకి ఐదు మాటలు, అంతకు మించి వద్దు. చీటీకి ముందువైపు ఒక్క తెలుగు మాట రాస్తే లాభం లేదు, సందర్భం రాయండి. ఉదాహరణకి: "జ్వరంగా ఉందని తెలిసి, అడక్కుండానే నోట్సు తెచ్చి ఇచ్చింది." వెనకవైపు: "కన్సిడరేట్" (ఎదుటివాళ్ళ ఇబ్బంది గమనించే). కన్సిడరబుల్ కాదు, అది "చెప్పుకోదగ్గంత". మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్ళీ చూడండి. మాట్లాడేటప్పుడూ అదే పద్ధతి: గుణం చెప్పగానే, అది కనిపించిన పని ఒకటి. రెండు నిమిషాలకి మూడు గుణాలు సరిపోతాయి. పది గుణాలు వరసగా చదివితే జాబితా విన్నట్టుంటుంది, మనిషి కనపడదు.

పలకడంలో: రాపోర్ట్ కాదు, "రపోర్" (ఇద్దరి మధ్య కుదిరే చనువు), చివర "ట్" లేదు. "చరిష్మా" (జనాన్ని ఆకట్టుకునే శక్తి) కాదు, "కరిజ్మా". జెన్యుయిన్‌లో (నిజమైన, కపటం లేని) చివర "వైన్" రాదు. "కాన్-షి-ఎన్-షస్" (పని శ్రద్ధగా చేసే) నాలుగు ముక్కలు, బరువు మూడోదాని మీద.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. మార్చి రాశాను, చూడండి: "మై కజిన్ ఈజ్ వార్మ్ అండ్ డౌన్ టు ఎర్త్. షీ ఈజ్ కన్సిడరేట్: వెన్ ఎ నైబర్ వాజ్ ఇల్, షీ కుక్డ్ ఫర్ హర్ ఫర్ ఎ వీక్. షీ గాట్ మ్యారీడ్ విత్ ఎ క్లాస్‌మేట్. దే సాట్ నెక్స్ట్ టు ఈచ్ అదర్ ఎవ్రీ డే, సో ఐ థింక్ ఇట్ వాజ్ ప్రాక్సిమిటీ."

జవాబు

"మ్యారీడ్ టు ఎ క్లాస్‌మేట్". "విత్" తీసెయ్యండి. మిగతాదంతా సరిగ్గా ఉంది, చెల్లీ. ఆ వంట చేసిపెట్టిన వాక్యం దగ్గర కొంచెం నెమ్మదిగా చదవండి.